రొట్టె పక్కన ఏముంది?

ప్రోటీన్‌కు ఇంత వైభోగం పడుతుందని పదేళ్ల కిందట ఎవరూ అనుకుని ఉండరు. సూపర్ మార్కెట్‌లో ఏ అర ముందు నిలబడినా ఇప్పుడు అదే పేరు. ప్రోటీన్ బిస్కెట్లు, ప్రోటీన్ బ్రెడ్డు, ప్రోటీన్ పాలు, ప్రోటీన్ కుల్ఫీ. మొన్న ఒకచోట ప్రోటీన్ దోశ పిండి అని పెద్దక్షరాలతో కనిపిస్తే, మరి ఇన్నాళ్లూ మనం పోసుకున్న దోశల్లో మినప్పప్పు ఏం వెలగబెట్టినట్టు అని నవ్వొచ్చింది. ఇదివరకు ఈ హడావిడంతా కండల కోసం. జిమ్ముకెళ్లే కుర్రాళ్లు డబ్బాలకు డబ్బాలు కొని, షేకర్‌లో గిలకొట్టుకుని తాగేవాళ్లు. వాళ్ల సరదా వాళ్లది, ఎవరికీ పేచీ లేదు. ఈ మధ్య డబ్బా మీద రాత మారింది. కండలతో పాటు ‘మూడ్’, ‘ఫోకస్’, ‘ప్రశాంతత’ కూడా వచ్చి చేరాయి. రోజుకు రెండు చెంచాల పొడి పాలల్లో కలుపుకుంటే దిగులు దిగిపోతుందట.

నవ్వి పక్కన పెట్టేద్దామంటే మనసొప్పలేదు. ఎందుకంటే తిండికీ మనసుకూ చుట్టరికం ఉందన్న మాట మనవాళ్లు ఎప్పుడూ కాదనలేదు. ఆలుమగలకు మాటా మాటా పెరిగిందని తెలిస్తే ఇంట్లో పెద్దవాళ్లు తప్పెవరిదని అడగరు, ముందు అన్నాలు తిన్నారా అని అడుగుతారు. కోపం రావాల్సిన చోట రాని మనిషిని పట్టుకుని ఉప్పూ కారం తినడం లేదా అంటారు. పప్పుకు మాత్రం ఈ విషయంలో అన్యాయం జరిగింది. ఉప్పూకారాలకు పౌరుషాన్ని కట్టబెట్టిన జనమే, ఉలుకూ పలుకూ లేనివాణ్ని ముద్దపప్పు అనేశారు.

ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుకు చెప్పిన పాఠం ఇంకా ముచ్చటగా ఉంటుంది. తిన్న అన్నం మూడు పాళ్లవుతుందట. ముతక పాలు మలంగా పోతుంది, నడిమి పాలు మాంసమవుతుంది, అన్నిటికన్నా సూక్ష్మమైన పాలు మనసవుతుంది. పన్నెండేళ్లు గురుకులంలో చదివి, నాకు రానిదేముందన్న ధీమాతో ఇంటికొచ్చిన కుర్రాడికి ఈ మాట అంత తేలిగ్గా ఎక్కలేదు. తండ్రి వాదన పెట్టుకోలేదు. పదిహేను రోజులు మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకు అన్నాడు. పదహారో నాడు పిలిచి వేదం చెప్పమన్నాడు. ఒక్క ఋక్కూ గుర్తుకు రాలేదు. పోయి తినిరా అన్నాడు. తినొచ్చాక అడిగిందల్లా గడగడా చెప్పాడు.

ఉద్దాలకుడిలో నాకు నచ్చింది తత్వం కన్నా పద్ధతి. తిండి మాన్పించి ఊరుకోలేదు, తిరిగి తినిపించి కూడా చూశాడు. అప్పుడే కదా, చదువు మరిచిపోవడం తిండి లేకపోవడం వల్లేనని తేలేది. పలానాది తినేవాళ్లలో దిగులు తక్కువట అంటూ వాట్సాప్‌లో తిరిగే వార్తల్లో చాలావాటికి ఈ రెండో సగం ఉండదు. తిని సంతోషంగా ఉన్నారో, సంతోషంగా ఉన్నారు కాబట్టి వేళకు వండుకుని తింటున్నారో, రెండూ కాక చేతిలో నాలుగు డబ్బులుండి అదీ ఇదీ కుదిరిందో, ఆ వార్త రాసినవాడు చెప్పడు.

అన్నం మనసెలా అవుతుందో ఉపనిషత్తు వివరించలేదు. ఇప్పటివాళ్ల లెక్క ప్రకారం కథ ఇలా నడుస్తుంది. మనం తిన్న ప్రోటీన్ కడుపులో అరిగి అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. మొత్తం ఇరవై రకాలు. వాటిలో తొమ్మిదింటిని మన ఒళ్లు సొంతంగా చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. ఆ తొమ్మిదిలో ఒకటి ట్రిప్టోఫాన్. మామూలు తిండిలో మహా తక్కువగా దొరికే రకం. దీన్నుంచే మెదడు సెరటోనిన్ తయారు చేసుకుంటుంది. టైరోసిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం నుంచి డోపమైన్, నోరెడ్రినలిన్ తయారవుతాయి. నిద్ర, ఆకలి, ఉత్సాహం, కంగారు, వీటన్నిటి వ్యవహారంలోనూ ఈ ముగ్గురి చెయ్యి ఉంది. ఇక డబ్బా అమ్మేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? ప్రోటీన్ తిను, ట్రిప్టోఫాన్ వస్తుంది, సెరటోనిన్ అవుతుంది, మనసు తేటపడుతుంది. లెక్క కాగితం మీద బాగానే ఉంది. తేడా కొట్టేది మెదడు గుమ్మం దగ్గర.

రక్తంలోంచి మెదడులోకి వెళ్లడానికి ట్రిప్టోఫాన్‌కు విడిగా తలుపంటూ లేదు. ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్, టైరోసిన్, ఫినైల్ అలనిన్, ఈ బలగమంతా అదే తలుపులోంచి దూరాలి. సాయంత్రం ఆరింటికి కోఠిలో సిటీ బస్సు ఆగినప్పుడు ఎలా ఉంటుందో తెలుసుగా, అదే దృశ్యం. మాంసమో గుడ్లో బాగా తిన్నప్పుడు ట్రిప్టోఫాన్ కాస్త పెరిగేమాట నిజమే. కానీ దానితో పాటు మిగతా జనం అంతకు ఎన్నో రెట్లు పెరుగుతారు. ఈ బక్కమనిషికి ఫుట్‌బోర్డు మీద కూడా చోటు దొరకదు. అదే ఉత్త అన్నమో తీపో తింటే ఇన్సులిన్ పొంగుతుంది. అది మిగతా అమైనో ఆమ్లాలను కండరాల వైపు తోలుకుపోతుంది. ట్రిప్టోఫాన్‌లో ఎక్కువ భాగం రక్తంలోని అల్బుమిన్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి, దాన్ని ఇన్సులిన్ అంతగా కదిలించలేదు. స్టాపులో జనం పలచబడ్డారు, మనవాడు నింపాదిగా ఎక్కి కూర్చున్నాడు. అమెరికాలోని మసాచుసెట్స్ టెక్నాలజీ సంస్థలో ఫెర్న్‌స్ట్రోమ్, వర్ట్‌మన్ అనే ఇద్దరు 1970ల మొదట్లో ఎలుకల మీద ఈ సంగతి తేల్చారు.

అంటే సెరటోనిన్ కోసమే తింటానని పట్టుబడితే ప్రోటీన్ డబ్బా కన్నా పాయసం గిన్నె నయం! అలాగని దీన్ని పట్టుకుని మిఠాయి కొట్టుకు పరుగెత్తకండి. తిండిలో ప్రోటీన్ కాస్తంత ఉన్నా ఈ మహిమ అణిగిపోతుంది. మన పెరుగన్నంలో, పప్పన్నంలో ఆ కాస్తా ఎప్పుడూ ఉంటుంది.

1990లో అమెరికాలో డెల్‌గాడో అనే సైకియాట్రిస్టు, ఆయన తోటివాళ్లు దీన్నే తిరగేసి చూశారు. డిప్రెషన్ వచ్చి, మందులతో కోలుకున్నవాళ్లకు ట్రిప్టోఫాన్ లేని అమైనో ఆమ్లాల పానీయం ఇచ్చారు. కొన్ని గంటల్లోనే వాళ్లలో చాలామందికి పాత దిగులు తిరిగొచ్చింది. మళ్లీ మామూలు తిండికి రాగానే తగ్గింది. ఉద్దాలకుడి లెక్కన రెండు సగాలూ ఉన్న ప్రయోగం ఇది. అయితే ఎప్పుడూ డిప్రెషన్ ఎరగని ఆరోగ్యవంతులకు అదే పానీయం ఇచ్చి చూస్తే పెద్దగా ఏమీ కాలేదు. ఒకే తిండి లోటు ఒకరిని కూలదోస్తుంది, మరొకరిని తాకను కూడా తాకదు. ఆ తర్వాత 2022లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో జొవానా మాన్‌క్రీఫ్ బృందం అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ ముందేసుకుని, డిప్రెషన్ అంటే సెరటోనిన్ తక్కువ కావడమేనన్న సిద్ధాంతానికి గట్టి ఆధారం లేదని తేల్చింది. దాని మీద సైకియాట్రిస్టుల్లో పెద్ద వాదులాటే నడిచింది. వాళ్లే ఇంకా తేల్చుకోలేని విషయాన్ని డబ్బా మీద నాలుగు ముక్కల్లో తేల్చేశారు చూడండి, ఆ ధైర్యానికి దండం పెట్టాలి.

కాబట్టి కడుపు నిండా తినేవాడికి ఇంకో రెండు చెంచాల ప్రోటీన్ పోస్తే మనసు ఇంకాస్త వెలుగుతుందన్న మాటను నేను నమ్మను. కానీ ప్రోటీన్‌కు కరువొస్తే మనసు ఏమవుతుందన్నది మాత్రం ఊహ కాదు. దాన్ని తవ్వి తీసినవాళ్లు మన హైదరాబాద్ తార్నాకలోనే పనిచేశారు.

మా నానమ్మ వాళ్లది నల్లగొండ వైపు మెట్ట ఊరు. ఆమె చిన్నప్పుడు ఇంట్లో వరి అన్నం పండక్కో పెళ్లికో. మిగతా రోజులన్నీ జొన్నలే. పొద్దున అంబలి, పగలు గట్క, రాత్రికి రొట్టె. పక్కన పచ్చిమిరపకాయల తొక్కో, ఎల్లిపాయ కారమో, అదీ లేకపోతే ఇంత ఉల్లిగడ్డ. పాడి ఉన్న ఇళ్లలో మజ్జిగ చుక్క పడేది. కూలికి పోయేవాళ్ల ఇళ్లలో అదీ లేదు. పప్పు కాచిన రోజున వాకిట్లోనే వాసన తెలిసేదని నానమ్మ చెప్పేది.

అలా ఏళ్ల తరబడి జొన్న తప్ప మరొకటి ఎరగని పేదల్లో కొందరికి ఎండ తగిలే చోటల్లా చర్మం కమిలి నల్లబడేది. చేతుల మీద, పాదాల మీద, మెడ చుట్టూ హారం వేసినట్టు. కాసల్ హారం అంటారు దాన్ని డాక్టర్లు, పద్దెనిమిదో శతాబ్దంలో స్పెయిన్‌లో ఈ రోగాన్ని మొదట వర్ణించిన వైద్యుడి పేరు మీద. తర్వాత విరేచనాలు. ఆ తర్వాత, ఒక్కోసారి అన్నిటికన్నా ముందే, మనసు చెడేది. నిద్ర పట్టదు. ఊరికే చిరాకు, ఊరికే భయం. గోడకానుకుని కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఉండిపోతాడు. ముదిరితే మతిభ్రమణం, చివరికి చావు. ఇదీ పెల్లాగ్రా. ఇంట్లోవాళ్లకు ఇది తిండి రోగమని ఎలా తడుతుంది? గాలి సోకిందనుకున్నవాళ్లు ఎంతమందో, తాయెత్తులు ఎన్ని కట్టించారో.

దీని మూలం నియాసిన్ అనే బి విటమిన్ లోటు. తమాషా ఏమిటంటే, నియాసిన్ తిండిలో తక్కువైనా శరీరం తిప్పలు పడి ట్రిప్టోఫాన్ నుంచి తయారు చేసుకోగలదు. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ ఖర్చు పెడితే ఒక్క మిల్లీగ్రాము నియాసిన్ దక్కుతుంది. గుడ్డో, పాలో, పప్పో, ఇంత మాంసమో ఉన్న ఇంట్లో ఈ ఖర్చు తెలియదు. ఏమీ లేని ఇంట్లో ఉన్న కాస్త ట్రిప్టోఫాన్ అటు విటమిన్‌కూ చాలదు, ఇటు మెదడుకూ చాలదు.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పుట్టింది హైదరాబాద్‌లో కాదు. 1918లో రాబర్ట్ మెకారిసన్ నీలగిరి కొండల్లోని కూనూరులో బెరిబెరి వ్యాధి పరిశోధన కోసం ఒక గదిలో మొదలుపెట్టాడు. 1958లో అది ఇక్కడికి తరలివచ్చింది. వచ్చీ రాగానే డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరుడు శ్రీకాంతియాల కళ్లబడింది ఈ జొన్న పెల్లాగ్రా. ప్రపంచంలో అప్పటిదాకా పెల్లాగ్రా అంటే మొక్కజొన్న తినేవాళ్ల రోగం. దక్కన్‌లో జొన్న తినేవాళ్లకు ఎందుకొస్తోంది? జొన్నలో నియాసిన్ మరీ తక్కువేం కాదు. వాళ్లకు దొరికిన అనుమానితుడు ల్యూసిన్, బస్సు ఎక్కే గుంపులో ఇందాక చూశామే, వాడే. జొన్న ప్రోటీన్‌లో ల్యూసిన్ మోతాదు మించి ఉంటుంది, అది ట్రిప్టోఫాన్, నియాసిన్‌ల లెక్కలు తారుమారు చేస్తుందని 1960లో లాన్సెట్ పత్రికలో రాశారు. ఈ వాదాన్ని తర్వాత ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. నాకు అంతకన్నా విశేషంగా తోచింది, ఆ సంస్థవాళ్లు చర్మం దగ్గర ఆగిపోకపోవడం. ఆ రోగుల మెదడు తరంగాలు తీశారు, రక్తంలోని ప్లేట్‌లెట్లలో సెరటోనిన్ ఎంతుందో కొలిచారు, వాళ్ల దిగులును కూడా రోగంలో భాగంగా రాసుకున్నారు. కూలివాడి దిగులును కూర్చుని కొలవాలనుకోవడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

అదే జొన్న ఇప్పుడు షుగరు ఉన్నవాళ్ల పాలిటి దేవత. సాయంత్రమైతే హైదరాబాద్ వీధుల్లో పొయ్యిలు పెట్టి, చేత్తో తట్టి రొట్టెలు కాల్చే ఆడవాళ్ల ముందు కార్లు ఆగుతున్నాయి. తప్పులేదు. ఆ కారులో మనిషి ఇంటికెళ్లి రొట్టెను పాలకూర పప్పుతోనో, కోడికూరతోనో, గడ్డపెరుగుతోనో తింటాడు. జొన్న అప్పుడూ దోషి కాదు, ఇప్పుడూ దేవత కాదు. పక్కన ఇంకేమీ లేకుండా అదొక్కటే కంచంలో ఉండటమే అసలు రోగం. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక పల్లెల్లో జొన్న వెనక్కి తగ్గింది. రొట్టె స్థానంలో అన్నం వచ్చింది సరే, దాని పక్కన ఏమొచ్చిందన్నది ఈనాటికీ అడగాల్సిన ప్రశ్నే.

అమెరికా దక్షిణాది కథ ఇంకా ఘోరం. అక్కడ మొక్కజొన్న పిండి, పంది కొవ్వు, బెల్లపు పాకం తిని బతికే పేదల్లో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పెల్లాగ్రా దావానలంలా పాకింది. పిచ్చాసుపత్రులు ఈ రోగులతో నిండాయి. అంటురోగమనుకున్నారు. 1914లో ప్రభుత్వం జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే డాక్టర్ని పంపింది. ఆయన వెళ్లి సూక్ష్మజీవుల కోసం వెతకలేదు, కంచాలు చూశాడు. ఆసుపత్రుల్లో రోగులకు వస్తున్న పెల్లాగ్రా నర్సులకూ అటెండర్లకూ రావడం లేదు. అంటురోగమైతే వాళ్లనెందుకు వదిలేస్తుంది? పాలు, గుడ్లు, మాంసం, చిక్కుళ్ల వంటివి వాళ్ల కంచాల్లోకి వస్తున్నాయి, రోగుల కంచాల్లోకి రావడం లేదు. జార్జియా రాష్ట్రంలో మిల్లెడ్జ్‌విల్ పిచ్చాసుపత్రిలో, మిసిసిపీ రాష్ట్రంలో జాక్సన్ పట్నంలోని అనాథ శరణాలయాల్లో తిండి మార్పించాడు. రోగం తోక ముడిచింది. 1915లో మిసిసిపీలోని ఒక జైలు పొలంలో, విడుదల చేస్తామని మాటిచ్చి, ఆరోగ్యంగా ఉన్న ఖైదీలకు దక్షిణాది పేదల తిండే పెట్టి చూశాడు. కొన్ని నెలలకు వాళ్లలో సగం మందికి పెల్లాగ్రా వచ్చింది. అయినా నమ్మనివాళ్లు నమ్మలేదు. చివరికి రోగుల రక్తం తానే ఎక్కించుకున్నాడు, భార్య మేరీ కూడా ఎక్కించుకుంది, ఇద్దరికీ ఏమీ కాలేదు. 1937లో విస్కాన్సిన్‌లో ఎల్వెజెమ్ నియాసిన్‌ను పట్టుకునేదాకా అసలు పదార్థం ఏదో తెలియలేదు. అప్పటికి గోల్డ్‌బెర్గర్ పోయి ఎనిమిదేళ్లు.

ఆ పిచ్చాసుపత్రుల్లో ఎంతమంది నిజంగా పిచ్చివాళ్లో, ఎంతమంది గుడ్డూ పాలూ లేక మతి తప్పినవాళ్లో తలుచుకుంటే గుండె కలుక్కుమంటుంది.

పసిపిల్లల్లోనూ ఇదే. ప్రోటీన్ లోటుతో ఒళ్లు నీరు పట్టే క్వాషియార్కర్‌ను 1930ల్లో సిసిలీ విలియమ్స్ అనే డాక్టరమ్మ ఆఫ్రికాలోని గోల్డ్ కోస్ట్, అంటే నేటి ఘనాలో గుర్తించింది. ఈ పిల్లలు ఆడరు, పలకరిస్తే చూడరు, ముట్టుకుంటే ఏడుస్తారు. వాళ్లు కోలుకుంటున్నారని తెలియడానికి పిల్లల డాక్టర్లు తూకం యంత్రం కన్నా ముందు కనిపెట్టేది ఒకటుంది. పిల్ల నవ్విందా అని చూస్తారు.

ఇదంతా పాత కథ, ఇప్పుడెవరికుంది ప్రోటీన్ కరువు అంటారేమో. హన్మకొండలో ఉండే మా మేనత్త సంగతి చెప్తాను. సొంత ఇల్లుంది, పెన్షనుంది. కొడుకు అమెరికాలో, కూతురు పుణెలో. మామయ్య పోయాక ఆమె వంట మానేసింది. మానేసిందంటే పూర్తిగా కాదు, పొయ్యి వెలుగుతుంది. పొద్దున చాయ్, రెండు బిస్కెట్లు. మధ్యాహ్నం గుప్పెడు బియ్యం వండుకుని ఇంత చారు. రాత్రికి అదే అన్నంలో మజ్జిగ, మామిడికాయ తొక్కు. నేను వెళ్లినప్పుడు ఫ్రిజ్ తెరిస్తే లైటు తప్ప పెద్దగా ఏమీ కనిపించలేదు. ఒక గిన్నెలో తోడుపెట్టిన పాలు, ఒక చిన్న డబ్బాలో తొక్కు, రెండు వాడిపోయిన మిరపకాయలు. ఇదేంటత్తా అంటే, “నా ఒక్కదానికి పప్పెందుకు బిడ్డా, కుక్కర్ పెట్టాలె, తోమాలె. ఇంత తొక్కుంది, మజ్జిగుంది, ఎల్లిపోతది” అంది.

ఆ ‘ఎల్లిపోతది’ అన్న మాట తెలుగునాట ఎన్ని ఇళ్లలో వినిపిస్తుందో లెక్కలేదు. జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. వయసు మళ్లినవాళ్లకు ఒకటి నుంచి 1.2 గ్రాములు ఉంటే మేలని వృద్ధుల వైద్యులంటారు. అత్త బరువు యాభై పైచిలుకు. అంటే తక్కువలో తక్కువ నలభై గ్రాములు. ఆమె తినేది కూడితే పాతిక దాటేలా లేదు. పైగా ఎప్పటినుంచో శాకాహారి, షుగరుకు మెట్‌ఫార్మిన్ వేసుకుంటుంది. బి12 విటమిన్ సహజంగా దొరికేది పాలు, గుడ్లు, మాంసం లాంటి జంతు సంబంధమైన తిండిలోనే. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే అదీ తగ్గిపోవచ్చు. అది తగ్గితే మతిమరుపు, అరికాళ్ల తిమ్మిర్లు, దిగులు. ఇది ప్రోటీన్ కాదు గానీ ప్రోటీన్ ఉన్న కంచంలోనే వస్తుంది, లేని కంచంలోంచి దానితో పాటే పోతుంది. పరీక్ష చేయిస్తే అత్తకు బి12 తక్కువే ఉంది. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు.

కొడుకు ఊరుకోలేదు. ఆన్‌లైన్‌లో ఖరీదైన ప్రోటీన్ పొడి డబ్బా పంపించాడు. వెనిలా వాసన. అత్త ఒక్కసారి కలుపుకుని, సబ్బు నీళ్లలా ఉందని పనిమనిషి కొడుక్కి ఇచ్చేసింది. డబ్బా మాత్రం గట్టిది, బిగువైన మూత. కడిగి ఆరబెట్టి అందులో కందిపప్పు పోసింది. ఆ డబ్బాలో ప్రోటీన్ ఉందన్న మాట మళ్లీ నిజమైంది.

తిండి తగ్గి అత్తకు దిగులొచ్చిందా, దిగులొచ్చి తిండి తగ్గిందా? రెండోదే ముందు. మామయ్య పోయినందుకు వచ్చిన దిగులు పప్పు తినడం మానేసినందుకు వచ్చింది కాదు. డిప్రెషన్ లక్షణాల్లో ఆకలి చచ్చిపోవడం కూడా ఒకటని సైకియాట్రీ పుస్తకాలన్నీ చెప్తాయి. కానీ ఒకసారి మొదలయ్యాక చక్రం తిరుగుతుంది. తినకపోతే నీరసం, నీరసానికి వంట బరువు, వంట లేక మళ్లీ తొక్కూ మజ్జిగ. కండ తగ్గి నడక తగ్గుతుంది, నడక తగ్గి గుడికీ పక్కింటికీ పోవడం తగ్గుతుంది. ఇందులో ఏది కారణం, ఏది ఫలితం అని కాగితం మీద గీత గీయలేం.

ఈ చక్రాన్ని తిండి వైపు నుంచి తిప్పి చూసిన ప్రయోగం ఒకటి 2017లో ఆస్ట్రేలియాలో వెలువడింది. ఫెలిస్ జాకా బృందానిది. ఓ మోస్తరు నుంచి తీవ్రమైన డిప్రెషన్ ఉండి, తిండి బాగా లేని 67 మందిని తీసుకున్నారు. సగం మందికి పన్నెండు వారాల పాటు డైటీషియన్ దగ్గరుండి కూరగాయలు, పప్పుదినుసులు, చేపలు, గుడ్లు, గింజలు ఉండే తిండి అలవాటు చేసింది. మిగతావాళ్ల దగ్గర అంతే సమయం ఒక మనిషి కూర్చుని కబుర్లు చెప్పారు. తిండి మారినవాళ్లలో 32 శాతం మందికి డిప్రెషన్ దాదాపు పోయింది, కబుర్ల గుంపులో 8 శాతానికి. చిన్న ప్రయోగం, ఎవరికి ఏమిస్తున్నారో అందులో ఉన్నవాళ్లకు తెలుసు, కాబట్టి దీన్ని పట్టుకుని ఎగిరి గంతేయక్కర్లేదు. కానీ ఒకటి గమనించండి. వాళ్లు ప్రోటీన్ ఇవ్వలేదు, భోజనం ఇచ్చారు.

విడదీసి మాత్రలో పెట్టి అమ్మితే ఏమవుతుందో 1989లో అమెరికాలో తెలిసొచ్చింది. నిద్రకూ దిగులుకూ మంచిదని జనం ట్రిప్టోఫాన్ మాత్రలు మింగేవాళ్లు. ఉన్నట్టుండి భరించలేని కండరాల నొప్పులతో ఆసుపత్రుల పాలయ్యారు. 1,500 మందికి పైగా జబ్బు పడ్డారు, ముప్పై మందికి పైగా చనిపోయారు. ఒకే తయారీదారు సరుకులో కలిసిన మలినాల వైపు వేళ్లు చూపించాయి. పప్పు తిని అలా పోయినవాళ్లు లేరు. 2024 మే నెలలో మన జాతీయ పోషకాహార సంస్థ ఇచ్చిన ఆహార సూచనల్లో కండల కోసం ప్రోటీన్ పొడుల జోలికి పోవద్దని రాశారు. మనసు కోసం అన్న డబ్బా మీదా అదే మాట అంటించాలి.

నా బాధ ఇంకొకటి. ఈ ప్రోటీన్ ప్రచారమంతా ఇప్పటికే సరిపడా తినేవాళ్ల కోసం. లేనివాళ్ల చెవిన ఎవరూ ఊదడం లేదు. అందరికీ వడ్డించి, గిన్నె అడుగున మిగిలిన చారు కలుపుకునే ఇల్లాలు. ఒంటికాయ శొంఠికొమ్ములా మిగిలిన ముసలమ్మ. హాస్టల్‌లో నీళ్లపప్పు తినలేక మ్యాగీతో రోజు గడిపే పిల్ల. వీళ్లకు కావలసింది వెనిలా వాసన కాదు. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, గ్లాసుడు పాలల్లో ఆరు, గిన్నెడు గట్టిపప్పులో ఏడు, గుప్పెడు పల్లీల్లో ఏడు. అన్నంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం కొరత, పప్పులో మెథియోనిన్ కొరత. రెండూ కలిస్తే ఒకదాని లోటు ఒకటి పూడుస్తుంది. ఇడ్లీలోనూ పప్పన్నంలోనూ ఉన్న కిటుకు ఇదే. ఏ డైటీషియనూ చెప్పకముందే మనవాళ్లు కనిపెట్టారు.

అత్త ఇప్పుడు బాగానే ఉందా అంటే, ఫర్వాలేదు. పక్కింటి టీచరమ్మ, ఆమె ఒకరోజు మార్చి ఒకరోజు పప్పు వండి ఇచ్చిపుచ్చుకుంటున్నారు. ఇంజెక్షన్ల వల్లా, పప్పు వల్లా, రోజుకోసారి గిన్నెతో తలుపు తట్టే మనిషి వల్లా, దేనివల్ల నయమైందో విడదీసి చెప్పడం నా వల్ల కాదు. ఉద్దాలకుడే వచ్చినా చెప్పలేడు.

చివరిగా రెండు మాటలు. దిగులు రెండు వారాలు దాటి కదలకపోతే, చచ్చిపోవాలనిపిస్తే, అప్పుడు పప్పూ గుడ్డూ మందు కాదు. డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళప్పుడైనా ఫోన్ చేయొచ్చు, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు. ఇంకొకటి, ఊళ్లో ఒంటరిగా ఉన్న అమ్మకో అత్తకో ఫోన్ చేసినప్పుడు ‘తిన్నవా’ దగ్గర ఆపకండి. ‘ఏం కూర’ అని కూడా అడగండి. తొక్కు అని జవాబొస్తే ఆదివారం పూట వెళ్లండి, పప్పు మీరే వండి పక్కన కూర్చుని తినండి.